గడ్డి డాక్టరు చొక్కాలు

"అమ్మా, తలుపు తియ్యి. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళైనా ముట్టలేదు నువ్వు. అమ్మా, నిన్నే."

ఆడపడుచు అరచేత్తో తలుపు బాదుతోంది. లోపలి నుంచి జవాబు లేదు. జవాబు లేదు గానీ మాటలున్నాయి. భయమల్లా అదే. గడియ వేసుకున్న గదిలో కూర్చుని అత్తగారు ఎవరితోనో మెల్లగా, మధ్యమధ్య నవ్వుతూ మాట్లాడుతోంది.

ఫోన్ రాగానే ల్యాబులో ఎక్కడివక్కడ వదిలేసి వచ్చింది కోడలు. గొడుగు గుమ్మంలో పడేసి, తడిసిన చెప్పులు విడవడం కూడా మరిచిపోయి నేరుగా ఆ గది ముందుకు వచ్చి నిలబడింది.

"ఎంతసేపయింది వదినా?"

"ఎంతసేపని చెప్పను? నేను లేచేసరికే గడియ పడి ఉంది. నువ్వేమో తెల్లారీ తెల్లారకుండానే నీ గడ్డి దగ్గరికి పరుగెడతావు. ఇంట్లో మనిషి ఏమైపోతోందో చూసే దిక్కు లేదు."

ఆడపడుచుది ఒకటంటే పది అనే నోరు. తల్లిని తనతో తీసుకుపోవడానికే వచ్చింది ఆవిడ. వచ్చిన రోజు నుంచీ బట్టలు సర్దడం, తల్లి వాటిని తీసి మళ్ళీ అలమరలో పెట్టుకోవడం, ఇదే భాగోతం.

"ఏమంటున్నారు లోపల?"

"ఏమంటుంది? వాడొచ్చాడట. కూర్చున్నాడట. తలకి రాసుకున్న కొబ్బరినూనె వాసనేస్తోందట." ఆడపడుచు గొంతు తగ్గింది. "నిజం చెప్పనా? నాకూ వేస్తోంది. అందుకే నాకు కాళ్ళాడటం లేదు."

ఆ వాసన కోడలికీ తెలుసు. వానలు పట్టుకున్న కొత్తలో ఒక సాయంత్రం ఇంటికి రాగానే నడవలో గుప్పుమంది. చదువుకున్నదే, పాతికేళ్ళుగా బూజులతో కాపురం చేస్తున్నదే. అయినా సంచి భుజాన ఉండగానే "వచ్చారా" అనేసింది పైకే. అన్నాక గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అది ఆమె భర్త గది. పోయినేడు ఇలాంటి వానల్లోనే ల్యాబు నుంచి వచ్చి, చొక్కా విప్పి కుర్చీ మీద వేసి, ఛాతీ పట్టేసినట్టుంది అన్నాడు. అంతే. మంచినీళ్ళు తెచ్చేలోపు మనిషి లేడు. వీధిలో అందరికీ అతను గడ్డి డాక్టరు. డాక్టరు అన్నారు కదా అని ఎవరైనా జలుబుకి మందు అడిగితే, "నేను గడ్డికి డాక్టర్నండీ, మీకు గడ్డి పెట్టలేను" అనేవాడు. ఆ పేరు అలాగే అతుక్కుపోయింది.

కోడలు తలుపుకి ఆనుకుని నేల మీద కూర్చుంది.

"అత్తయ్యా, నేనండీ. నాకూ వాసన వస్తోంది."

లోపల మాటలు ఆగిపోయాయి. తరువాత గడియ కదిలింది.

"నువ్వొక్కదానివే రా," అంది అత్తగారు తలుపు సందులోంచి. "అది రావద్దు. అదొస్తే అరుస్తుంది. వాడికి అరుపులు పడవు."

గది చీకటిగా ఉంది. కిటికీ మూసేసి పరదా లాగేసి ఉంది. ఒక మూల దుప్పటి కప్పిన కుట్టుమిషను. ఆ మిషను తొక్కి ఇద్దరు పిల్లల్ని పెంచింది అత్తగారు. ఇంకో మూల, స్నానాలగది గోడకి ఆనించి, రేకు పెట్టె. గోడలో గొట్టం ఎక్కడో పగిలినట్టుంది, సున్నం పొంగి పెట్టె వెనక వైపంతా చెమ్మగా ఉంది.

అత్తగారు మంచం మీద కూర్చుని పక్కన చోటు చూపించింది. మరీ పక్కనే కాదు, కొంచెం ఎడంగా. మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలింది.

కోడలు ఆ చోటు ఖాళీగానే వదిలి కూర్చుంది.

"వాన పడితే వస్తాడు," అంది అత్తగారు. "ఎండ కాస్తే ఉండడు. మొన్న రెండురోజులు ఎండ కాసిందా, ఎంత పిలిచినా పలకలేదు. ఇవాళ చూడు."

కోడలు పీల్చింది. కమ్మని, కొంచెం మత్తుగా ఉండే కొబ్బరి వాసన. పీల్చిన కొద్దీ కళ్ళు నిండుతున్నాయి. నిండిన కళ్ళతోనే పెట్టె వైపు చూసింది. చూసి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది.

పెట్టె మూత కలిసే చోట, తుప్పు పట్టిన బందు పక్కన, సన్నగా పచ్చటి పొడి.

ఆ పచ్చ ఆమెకి తన అరచేయి ఎంత తెలుసో అంత తెలుసు. గుండె ఒక్కసారి ఎగిసిపడింది. అది దుఃఖం కాదు, సంతోషం. ఇలాంటి చోట, ఇలాంటి వేళ సంతోషం కలిగినందుకు ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది.

ఎందుకు కలగదు మరి? పొద్దున ల్యాబులో వరసగా నిలబెట్టిన గాజు గొట్టాల్లో కాగితం చీటీలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాళ్ళ పనిలో అది చీటీ పరీక్ష. బూజు ఊరిన రసంలో కాగితం చీటీ వేసి వెచ్చగా ఉంచుతారు. రసంలో సత్తువ ఉంటే చీటీ కరిగి తియ్యటి నీళ్ళవుతుంది. అలా కరిగించే ఎంజైములు దొరికితే పొలాల్లో తగలబెట్టే గడ్డంతా చక్కెర అవుతుంది, ఆ చక్కెర పులిస్తే బండ్లు నడిపే ఇంధనం అవుతుంది.

కోడలి పని ఆ ఎంజైమును మలచడం. వేడి తొట్టిలో చచ్చిపోకుండా, తను చేసిన చక్కెరకి తనే ఉక్కిరిబిక్కిరి కాకుండా, పూసల గొలుసులాంటి దానిలో ఒక్కొక్క పూస మార్చి కొత్తగా అల్లడం. కానీ ఎంత గొప్పగా అల్లినా దాన్ని కుండలకొద్దీ ఊరించే బూజు కావాలి. ఆ బూజు అతనిది. ఎక్కడో కుళ్ళిన గుడారం గుడ్డ మీద పట్టుకొచ్చి, ఏళ్ళ తరబడి ఏరి ఏరి తయారుచేసుకున్నాడు.

అతను పోయాక దాన్ని ఇంకొకరి చేతికివ్వడానికి ఆమెకి మనసొప్పలేదు. పళ్ళెం నుంచి పళ్ళేనికి తనే మార్చింది. గడ్డి మీద నీరసంగా పెరుగుతోందని చక్కెర పెట్టింది. బెంగపడ్డ పిల్లవాడికి మిఠాయి పెట్టినట్టు. అది పచ్చగా, ముద్దుగా పెరుగుతుంటే చూసి మురిసింది. కూర్చున్న చోటికే చక్కెర వస్తుంటే గడ్డిని కరిగించే శ్రమ ఎవరికి కావాలి? తరాలు మారేసరికి బూజు ఆ విద్యే మరిచిపోయింది. గడ్డకట్టించి దాచిన పాత విత్తనం ఉందిలే అనుకుంటే, మొన్న ఫ్రీజరు చెడిపోయి అదీ చచ్చింది. గడ్డి విభాగం ఉంచాలా ఎత్తెయ్యాలా అని పైవాళ్ళు ఈ వారంలోనే తేలుస్తామంటున్నారు.

ఇక అతని బూజు ఈ లోకంలో ఎక్కడా లేదనుకుంది. ఇంట్లో, అతని పెట్టెలో ఉంటుందని కల్లో కూడా అనుకోలేదు.

"అత్తయ్యా," అంది మెల్లగా. "ఈ పెట్టెలో ఏం పెట్టారు?"

"వాడి చొక్కాలు. నేను కుట్టినవే అన్నీ."

"ఆ రోజు కుర్చీ మీద వేసింది కూడానా?"

అత్తగారు తల తిప్పుకుంది. "అది ఉతకలేదు. ఉతికితే వాడి వాసన పోతుందని అలాగే పెట్టాను. తప్పా?"

"తప్పు కాదు. ఒక్కసారి పెట్టె తెరుద్దాం అత్తయ్యా."

"వద్దు. తెరిస్తే పోతాడు."

"మీకొక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి. మా పెళ్ళయినప్పటి నుంచీ ఆయన తలకి నూనె రాసుకోగా నేను చూడలేదు. జిడ్డని ఆయనకి అసహ్యం."

"నా కొడుకు వాసన నాకు తెలీదా? సాయంత్రం రాగానే నా పక్కన కూర్చునేవాడు. రోజూ ఇదే వాసన."

"తెలుసు. మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. ఇది ఆయన వాసనే. కాకపోతే నూనెది కాదు. గడ్డి మీద బూజు బాగా పండి పచ్చబడినప్పుడు ఇలా కొబ్బరి వాసన వస్తుంది. పొద్దంతా ఆయన అందులోనే ఉండేవారు. ఆ పచ్చటి పొడి చొక్కా చేతులకి పట్టేసేది. ఆ చొక్కాతోనే మీ పక్కన కూర్చునేవారు."

అత్తగారు ఇద్దరి మధ్య వదిలిన ఖాళీ చోటు మీద చేయి వేసి దుప్పటి సవరించింది. ఒకసారి సవరించిన చోటే మళ్ళీ మళ్ళీ సవరిస్తోంది. చెప్పకుండా ఉండాల్సింది అనుకుంది కోడలు.

"హమ్మయ్య." గుమ్మంలోంచి ఆడపడుచు గొంతు. తలుపు వారగా తీసి ఉంది, ఎప్పటి నుంచి వింటోందో. "దెయ్యం లేదు, భూతం లేదు. బూజు. అమ్మా, విన్నావుగా? ఆ పెట్టె పెరట్లోకి లాగి కిరసనాయిలు పోసి ఒక్క అగ్గిపుల్ల గీస్తే పీడ విరగడవుతుంది. నీ మనసూ కుదుటపడుతుంది."

"వద్దు వదినా."

ఆ మాట మరీ చప్పున వచ్చింది. ఆడపడుచు కళ్ళు చిన్నవయ్యాయి.

"ఎందుకొద్దు?"

ఏదో చెప్పబోయేలోగా సంచిలో ఫోన్ మోగింది. పెద్దసారు. ల్యాబులో అందరికీ పెద్ద. ఎత్తకపోతే మళ్ళీ మళ్ళీ చేస్తాడు.

"లేదు సార్, చీటీ కరగలేదు. అవును, మనది చచ్చినట్టే." కోడలు గోడ వైపు తిరిగింది. "కానీ సార్, ఇంకొకటి ఉందేమో. మా ఇంట్లో. ఆయన చొక్కా మీద. అదో కాదో పరీక్ష చేస్తే గానీ తెలీదు. తెస్తాను సార్."

ఫోన్ పెట్టేసి తిరిగేసరికి ఆడపడుచు చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఓహో. అదీ సంగతి. 'అత్తయ్యా, నాకూ వాసన వస్తోంది' అంటే, పోనీలే, పిల్లకి అత్త మీద ప్రేమ అనుకున్నాను. పోయినవాడి చొక్కా కూడా నీ గొట్టాల్లోకేనా?"

"అది బతికితే ఆయన చేసిన పని బతుకుతుంది వదినా."

"వాడు బతికుండగా ఆ పని వాణ్ణి బతకనిచ్చిందా? భోజనం లేదు, నిద్ర లేదు. అంతకు ముందే ఒకసారి ఛాతీ నొప్పి అంటే, గడ్డి దుమ్ము అని నువ్వే అన్నావట."

పుండు మీద కారం చల్లినట్టయింది. నిజమే. అన్నది. ఆ మాట తను అన్నట్టు ఆడపడుచుకి చెప్పగలిగేది ఒక్కరే. కోడలు అత్తగారి వైపు చూసింది. అత్తగారు దుప్పటి వైపు చూసింది.

గోడలో గొట్టం బొట్టు బొట్టుగా కారుతున్న చప్పుడు వినిపించింది.

"తిన్నదా?" అంది అత్తగారు ఉన్నట్టుండి.

కోడలు ఉలిక్కిపడింది. ఏడాదిగా ఈ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. కొడుకు గుమ్మంలో అడుగు పెట్టగానే ఆవిడ మొదట అడిగేది అదే. చీటీని తిన్నదా అని. తిన్నదమ్మా అంటే ఆ పూట ఇల్లంతా నవ్వులు. తినలేదంటే, "మారాం చేస్తోంది, రేపు తింటుందిలే" అని ఆవిడే ఓదార్చేది. నీ పనేమిట్రా అని ఒకసారి ఆవిడ అడిగితే, "నువ్వు కుడతావు, నేను విప్పుతానమ్మా. గడ్డిలో కుట్టేసిన చక్కెరని కుట్టు విప్పి బయటికి తీస్తాను" అన్నాడు. ఆ మాటకి ఆవిడ పొంగిపోయింది.

"లేదు అత్తయ్యా. తినడం మానేసింది. తినేది ఇప్పుడు మన దగ్గర ఎక్కడా లేదు. ఉంటే ఈ పెట్టెలోనే ఉండాలి."

అత్తగారు నడుముకి చెక్కుకున్న తాళంచెవి తీసింది. లేచి, పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆడపడుచు "అమ్మా" అనబోయి ఆగిపోయింది.

మూత కిర్రుమంటూ లేచింది. వాసన గది నిండా కమ్ముకుంది. ఆడపడుచు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

చొక్కాలు మడత పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పైన నీలం చొక్కా, ఆ రోజుది. కాలరు నిలబడే ఉంది, గుండీలు వరసలో ఉన్నాయి. దాని మీద పచ్చటి నూగు, వెలుతురు పడగానే మెరిసింది.

"చూశావా, ఎంత చక్కగా ఉందో," అని అత్తగారు రెండు చేతులూ చొక్కా కిందికి పోనిచ్చి పైకెత్తింది.

గుడ్డ లేదు. ఎత్తీ ఎత్తగానే ఉన్నదంతా పచ్చటి పొడిలా, తడి పొట్టులా జారి పెట్టెలో పడిపోయింది. ఆవిడ చేతుల్లో మిగిలింది దారం. నూలు గుడ్డని బూజు తినేసింది. నైలాను దారం దాని నోటికి లొంగలేదు. భుజం కుట్టు, చంక కుట్టు, గుండీల పట్టీ, కాజాల చుట్టూ దగ్గర దగ్గరగా వేసిన కుట్టు, ఏదీ తెగలేదు. మనిషి లేడు, గుడ్డ లేదు, చొక్కా ఆకారం మాత్రం దారంతో గీసినట్టు ఆవిడ వేళ్ళకి వేలాడుతోంది.

ఆడపడుచు గోడకి జారగిలబడి ఏడ్చేసింది. ఇందాకటి నోరంతా ఏమైందో.

అత్తగారు ఏడవలేదు. దారాన్ని వేళ్ళతో తడుముతూ భుజం దగ్గరి నుంచి చేతి చివరిదాకా వెళ్ళింది.

"కుట్టు ఊడలేదు," అంది. "వాడు ఎప్పుడూ అనేవాడు, నీ కుట్టు విప్పడం నా వల్ల కాదమ్మా అని."

కోడలికి అప్పటిదాకా రాని ఏడుపు ఆ మాటకి వచ్చింది. ఏడుస్తూనే సంచిలోంచి మూత ఉన్న చిన్న గాజు సీసా తీసింది. తీసినందుకు సిగ్గుపడింది, అయినా లోపల పెట్టలేదు.

అత్తగారు సీసా వైపు చూసింది.

"తీసుకెళితే దానికేం పెడతావు?"

"గడ్డి. ఆయన పెట్టినట్టే. చక్కెర పెట్టను."

"ఇక్కడే ఉంచితే?"

అబద్ధం చెప్పవచ్చు. కోడలికి నోరు రాలేదు. "అడుగున ఇంకా చొక్కాలున్నాయిగా, అవి ఉన్నన్నాళ్ళు తింటుంది. తరవాత ఎండలొచ్చాక ఎండిపోతుంది."

"అప్పుడు వాసన?"

"ఉండదు అత్తయ్యా."

అత్తగారు దారపు చొక్కాని జాగ్రత్తగా మడవబోయింది. అది మడత పడలేదు. ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే సగం నువ్వు తీసుకో," అంది చివరికి. "సగం ఇక్కడే ఉంటుంది. నీది నువ్వు సాక్కో, నాది నేను సాక్కుంటాను. కానీ నా దగ్గరున్నదానికి తిండి కావాలి కదా."

"పాత నూలు బట్టలు ఎన్నయినా తెచ్చిస్తాను అత్తయ్యా."

"పరాయివాళ్ళ బట్టలు వాడెందుకు ముడతాడు?" అత్తగారు మొదటిసారి కోడలి కళ్ళలోకి సూటిగా చూసింది. "నీ దిండు కింద తెల్ల చొక్కా ఉంది. నేను కుట్టిందే, వాడికి ఆఖరిగా కుట్టింది. నీ పక్క రోజూ ఎవరు సర్దుతున్నారనుకున్నావు?"

ఆడపడుచు ఏడుపు ఆపి తలెత్తింది.

"అత్తయ్యా, అదొక్కటే ఉంది నాకు."

"నాకూ ఇదొక్కటేనమ్మా. అడిగేటప్పుడు నువ్వు ఆలోచించావా? ఆ చొక్కా తే. తెచ్చాక సీసా నింపుకో."

మూత తెరిచిన పెట్టె మీద అత్తగారు చేయి అడ్డం పెట్టింది. వాడిపోయిన చేయి. నెట్టేస్తే పక్కకి పోతుంది. నెట్టగలనా అని కోడలు ఒక్క క్షణం ఆలోచించింది. అలా ఆలోచించినందుకు భయమేసి లేచి తన గదిలోకి నడిచింది.

దిండు ఎత్తింది. చొక్కా ఉంది. ముఖానికి ఆనించుకుని గట్టిగా పీల్చింది. సబ్బు వాసన. అతను పోయిన వారంలోనే ఉతికి, ఇస్త్రీ చేసి పెట్టుకుంది మరి. శుభ్రానికి అలవాటు పడ్డ చేతులు, తెలియక చేసేశాయి. ఏడాదిగా రోజూ రాత్రి కావలించుకుని పడుకుంటున్నది ఉత్త నూలుగుడ్డనే. ఆ సంగతి తెలిసి కూడా చేతులు దాన్ని వదలడం లేదు.

అవతలి గదిలో తను వదిలేసిన సంచిలో ఫోన్ మళ్ళీ మోగింది. మోగి మోగి ఆగిపోయింది. వాన జోరు పెరిగింది.

ఆ చప్పుడులోంచి అత్తగారి గొంతు వినిపించింది. మెల్లగా, లాలనగా, పెట్టెలోకి వంగి మాట్లాడుతున్నట్టు. ఈసారి ఆడపడుచు తల్లిని వారించలేదు.

"ఆకలేస్తోందా నాన్నా? కాస్త ఓర్చుకో. మీ ఆవిడ తెస్తోంది."